మాణిక్యం చెప్పే జీతం

పటాన్‌చెరు బస్టాండు ఎదుటి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల్ని చేర్పించడం మాణిక్యం ఉద్యోగం. నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సు చేస్తే జీతమెంతని ఎవరైనా అడిగితే, ముందు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. ఎదుటి మొహాలు మసకబారాక, "చేరంగనే నలభై వేలు," అంటాడు. ఆ జీతం ఒక్కరికీ రాలేదని ఆయనకు తెలుసు.

ఇవాళ సంగమేశ్ వచ్చాడు. ఆ కోర్సే చదివి, ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోస్తున్నాడు. వెంట చెల్లెలు ఉంది. తిడతాడనుకుని మాణిక్యం తల దించుకున్నాడు.

"నా బుర్రకే ఎక్కలే సార్, మీరేం జేస్తరు! మా చెల్లె హుషారున్నది. జీతమెంతొస్తదో జెర మీ నోటితోనే చెప్పుండ్రి."

మాణిక్యం కళ్లద్దాలు తీశాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత ఎప్పటికన్నా మెల్లగా, "నలభై వేలమ్మా," అన్నాడు.