మూట అడుగు నుంచి తీసిన పరీక్ష

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను తిరుపతి నుంచి చిత్తూరు దగ్గరి ఒక ప్రభుత్వాసుపత్రికి గ్రేడ్-1 ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. నాకంటే వారం ముందు అక్కడికి షుగరు పరీక్ష చేసే హెచ్‌బీఏ1సీ యంత్రం చేరింది. అట్టపెట్టె విప్పే అర్హత నాకే ఉందని సూపరింటెండెంట్ నిర్ణయించడంతో కొత్తవాళ్లం ఇద్దరం ఒకే రోజు పనిలోకి దిగాం.

రక్తంలో చక్కెర ఎక్కువైతే అది ప్రొటీన్లకు అంటుకుంటుంది. దీన్ని గ్లైకేషన్ అంటారు. బెల్లం పాకం కొప్పెరలో ఎర్రబడడం దీనికి దగ్గరి చుట్టమే. అది ముదిరేకొద్దీ ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు పెరుగుతాయి. శరీరం వాటిని అణచలేకపోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ కళ్లలో, కిడ్నీల్లో సన్న రక్తనాళాలను పాడుచేస్తాయి, పాదాల నరాలనూ వదలవు. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటిందో మా యంత్రం కొలుస్తుంది. ఆ కణం ఆయుష్షు సుమారు నాలుగు నెలలు కాబట్టి, గడిచిన రెండు మూడు నెలల తిండి కథ అందులో ఉంటుంది.

మునెప్ప నాయుడు బెల్లం వండే రైతు, షుగరు పేషెంటు. పరగడుపు పరీక్షలో ఎప్పుడూ మంచి మార్కులే. అలాంటిది కుడి కన్ను మసకేసిందని పోతే, కంటి డాక్టరమ్మ ఆయన రెండు కళ్ల రెటీనాల్లో చిన్న రక్తపు మచ్చలు చూసి, లేజర్ చేయించకపోతే ఉన్న చూపూ పోతుందని చెప్పి, మా యంత్రం దగ్గరికి పంపింది. షుగరు ఉన్నవాళ్లకు ఏడు లోపు ఉండాల్సింది పదకొండు వచ్చింది.

"మూడు దినాలుగా సంగటి ముద్ద సగమే తిన్నానప్పా. నీ మిషన్ ఇంకా లెక్కలు నేర్సుకోలేదు" అన్నాడు. లెక్క తప్పైతే కంటి జబ్బూ తప్పే, లేజరూ వద్దు, ఏమీ వద్దు అని కండువా దులిపి లేచాడు.

యంత్రం సరిగా ఉందో లేదో చూడడానికి మా దగ్గర కంట్రోల్ ఉంటుంది. విలువ ముందే తెలిసిన నమూనా అది, చిన్న బుడ్డీలో వస్తుంది. దాన్ని వేసి చూపించాను. సరిగ్గానే వచ్చింది.

"బుడ్డీ సాచ్చెం నాకొద్దు. నీ నెత్తురు ఎయ్యి."

సంతోషంగా చెయ్యి చాపాను. నాకు షుగరు లేదని గట్టి నమ్మకం. దానికి ఆధారం, ఎన్నడూ పరీక్ష చేయించుకోకపోవడం. నర్సమ్మ ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీసింది. అయిదు నిమిషాలకు ఎనిమిది పాయింట్ రెండు వచ్చింది.

"సూస్తివా, దుక్కలా ఉండే నీకే ఎనిమిది ఏసింది. దీనికి పిచ్చి పట్టినాది" అన్నాడు మునెప్ప, తృప్తిగా.

అవునంటే నా పరువు దక్కేది. ఆయన కూడా బస్సెక్కి హాయిగా ఊరికి పోయి, కన్ను పోగొట్టుకునేవాడు. యంత్రంలో లోపం లేదని, నాకు షుగరుందని ఇప్పుడే తెలిసిందని, దానికి రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర తినే మైసూరుపాకే సాక్ష్యమని ఒప్పుకున్నాను. గదిలో ఎవరూ నన్ను ఓదార్చలేదు.

అప్పటిదాకా బల్ల మీద ఊరకే కూచున్న ఆయన భార్య రాజమ్మ నోరు విప్పింది. "ఏమయ్యా, బెల్లం మండీకి పోయేటప్పుడు మూటలో తెల్ల ఉండలు పైన పెట్టి, నల్లవి అడుగున తోసేది నువ్వే గదా. ఆ మూడు దినాల పస్తు పైన పెట్టిన ఉండ. ఈ సారు మిషన్ అడుగు నుంచి తీసినాది."

మునెప్ప కండువా మళ్లీ భుజాన వేసుకుని కూచున్నాడు. "లేజరంటే కాలుస్తారా?" అని నన్నడిగాడు.

"కొప్పెర కాడ నలభై ఏండ్లు కాలినావు. ఇదొక లెక్కా?" అంది రాజమ్మ.

ఆ నెలలోనే లేజర్ చేయించుకున్నాడు. తిండీ మందులూ సరిచేసుకున్నాక, మూడు నెలలకు అంకె ఎనిమిదికి దిగింది. ఎడమ కన్ను నిలిచింది. కుడి కంటిలో అప్పటికే పోయిన చూపు తిరిగి రాలేదు. రక్తకణాలు మారతాయి కాబట్టి అంకె దిగుతుంది. కంట్లో జరిగిపోయిన నష్టం అంకెతో పాటు దిగదు.

ఆ ఉదయం నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఒంట్లో బాగుందన్న నమ్మకం పరీక్ష కాదు. ఆ రోజే నా రిపోర్టు నేనే ప్రింటు తీసుకుని, పేషెంట్లతో పాటు ఓపీ వరుసలో నిలబడ్డాను. నా ముందు పదిహేడు మంది ఉన్నారు.