ఎదురుకాళ్ళ పాప

మా కాలంలో మనిషి తానెవరో తాను తెలుసుకోనక్కర్లేదు, ఊరే చెప్పేది. మనకు ఊహ తెలిసేలోపే ఒకణ్ణి మొండోడనీ, ఒకతెను నోరుగలదనీ తీర్మానించేసి ఉండేది. వాళ్ళు కూడా పాపం ఊరిమాట తీసెయ్యలేక అట్లాగే తయారయ్యేవాళ్ళు. నన్నయితే ఏకంగా వైద్యురాలినే చేసింది. కుందుర్పి దగ్గర మా పల్లెలో నేను ఎదురుకాళ్ళతో పుట్టానని, అంటే తలకన్నా ముందు కాళ్ళు బయటికొచ్చాయని, పసిపిల్లలకు కూడా తెలుసు. అట్లా పుట్టినవాళ్ళు తంతే పట్టుకున్న నడుం వదిలేస్తుందని కూడా తెలుసు. ఇంక కావలసిందేముంది?

మా వైపు వానను నమ్ముకోవడానికి లేదు. నేల గట్టిపడిపోయాక రోజంతా వంగి చెనిక్కాయ (వేరుశనగ) చెట్లు పెరికితే ఎవరి నడుం మాత్రం నిలుస్తుంది? ఆదివారం పొద్దున్నే మా గడప ముందు మనుషులు వరసగా బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. నేను ముఖం కడుక్కుని, మా జేజి (నాయన తల్లి) నేర్పినట్టు ఎడమకాలితో ఒక్కొక్కరి నడుం మీద తన్నుకుంటూ పోయేదాన్ని. మామూలుగా పెద్దవాళ్ళకు కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకుంటాం కదా, ఈ తన్నుకు మాత్రం మొక్కకూడదు, మొక్కితే గుణం పోతుందట. ఒకసారి లెక్కలు రాలేదని నా చేతులు వాచేట్టు కొట్టిన అయ్యవారే వచ్చి పడుకున్నాడు. ఆ తన్నులో కొంచెం నా సొంత కోపం కూడా కలిసింది (ఆయన నడుం అందరికంటే తొందరగా బాగయింది, కాబట్టి అది తప్పని నేను అనుకోను). అన్నలకు లేని చెప్పులు నాయన నాకు కొన్నాడు. ముల్లు గుచ్చుకుంటుందని అమ్మ నన్ను కట్టెలకు పంపేది కాదు. ఊళ్ళోవాళ్ళు ముందు నా కాళ్ళు చూసి, తర్వాత ముఖం చూసి పలకరించేవాళ్ళు. నేను కూడా ఒంటరిగా ఉన్నప్పుడు నా పాదాలను చూసుకుంటూ కూర్చునేదాన్ని. వీటిలో ఏముందో అనుకుంటే ఒళ్ళు జలదరించేది. మోకాళ్ళ కింద ఎవరో దేవత కాపురముంటున్నట్టే ఉండేది.

ఎనిమిదో తరగతి పాసయ్యాక అయ్యవారు నాయనను పిలిచి, పాపను అనంతపురం పంపు, ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటుంది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చదువంటే నాకంత ఆశ. నాయన కూడా మెత్తబడ్డాడు. అంతలో ఊరి పెద్దకాపు దిగాడు. నెలకోసారైనా నడుం పట్టేసే మనిషి గనుక పిల్లలం ఆయన్ని నడుం మామ అనేవాళ్ళం. ఆయన మాట కాదనే ధైర్యం నాయనకు లేదు. మామ మా అరుగు మీద కూర్చుని, "ఏమప్పా, పాప పట్నానికి పోతే మా నడుములు ఎవురు తంతారు? చదువుకునేటోళ్ళు యాడైనా ఉంటారు. ఎదురుకాళ్ళోళ్ళు మనకు ఇంకెవురుండారు?" అన్నాడు. వెనకాల నిలబడ్డ నలుగురూ, అవునవును అని నడుములు పట్టుకున్నారు. నాయన తల దించుకున్నాడు. నా చదువు అయిపోయిందని గుమ్మం పక్కన నిలబడి ఏడుపు దిగమింగుకుంటున్నాను.

అప్పుడు లోపలినుంచి మా జేజి వచ్చింది. "మీ నడుములు మన్ను గాను! పాప ఎదురుకాళ్ళతో యాడ పుట్టింది? పుట్టినప్పుడు పట్టుకునింది నేను. తలే ముందొచ్చింది" అంది.

వెనకాల నలుగురూ నడుముల మీది చేతులు తీసేశారు. మామ తేరుకుని, "మరి ఇన్నేండ్లు ఏల చెప్పలేదు?" అన్నాడు.

"మీరు అడిగితే గదా! ఎవురో కాళ్ళు ముందొచ్చినాయన్నారు, సాయంత్రానికి ఊరంతా అదే మాట. మీ నాయన నడుం పట్టుకోని మా గడప కాడికి వొచ్చి పండుకున్యాడు. సరే పోనీలే అని పసిబిడ్డ కాలు తాకిస్తి. లేచి నడిచిపోయినాడు. ఇంక నేను కాదంటే నమ్మేదెవురు?"

మామ నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు. నాయన, "అట్లయితే పంపుతాలే" అన్నాడు. నేను ఎగిరి గంతెయ్యాలి కదా? పశువుల కొట్టంలో దూరి వెక్కివెక్కి ఏడ్చాను. నిమిషం కిందటి దాకా నేనొక మనిషిని, ఇప్పుడు ఉత్త పిల్లను. జేజి వెతుక్కుంటూ వచ్చింది.

"నిజం చెప్పు జేజీ, కాళ్ళా, తలా?"

"నీకు చదువు కావల్నా, ఎదురుకాళ్ళు కావల్నా?"

"రెండూ కావల్ల!"

జేజి పడీపడీ నవ్వింది తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఆ ఆదివారం మా గడప ముందు ఒక్కరూ లేరు. అయినా నేను అలవాటుగా ముఖం కడుక్కుని వచ్చి నిలబడ్డాను. ఎదురింటి కోడి ఒకటి వచ్చి నన్ను చూసి పోయింది.

ప్రయాణం రోజు రేకుపెట్టెతో బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చి ఆగీ ఆగగానే నడుం మామ వంగివంగి నడుచుకుంటూ వచ్చి, తువ్వాలు పరిచి, బస్సుకు అడ్డంగా బోర్లా పడుకున్నాడు. కండక్టరు, "ఏమప్పా, దావలో పండుకుంటావు, సచ్చేదానికా!" అని అరిచాడు.

"రొంతసేపు నిలబడన్నా. పాపతో ఒక తన్ను తన్నించుకుంటా."

"మామా, నేను తలతోనే పుట్టినానంట" అన్నాను.

"ఎవురన్నారు?"

"జేజి."

"మీ జేజికేం తెలుసు? నా నడుముకు తెలుసు. తన్ను."

జేజి పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తోంది. నేను చెప్పు విడిచి, ఎడమకాలితో తన్నాను. మామ మెల్లగా లేచాడు, నిటారుగా నిలబడ్డాడు, తువ్వాలు దులుపుకున్నాడు. "ఇంక పో. బాగ సదువుకో. ఈ నడుముల సంగతి మేము చూసుకుంటాంలే" అన్నాడు. ఇదంతా చూసి బస్సులోంచి ఇద్దరు ముసలివాళ్ళు దిగి పడుకున్నారు. ఆఖరున, మొదట అరిచిన కండక్టరే సంచీ తీసి డ్రైవరుకిచ్చి, "నాకూ ఒకటి, బిరీన" అని పడుకున్నాడు.

హాస్టల్లో నా కాళ్ళకేసి చూసినవాళ్ళే లేరు. హాజరు పుస్తకం చూసి పేరు పిలిస్తే అది నేనేనని గుర్తుకురావడానికే కొన్నాళ్ళు పట్టింది. తర్వాత పంతులమ్మనయ్యాను, ఊరు ఇంకో పేరు పెట్టింది, దానికీ తగ్గట్టు తయారయ్యాను. జేజి నిజం చెప్పకుండానే పోయింది. అమ్మనడిగితే, "నొప్పుల్లో నేనేం చూసినానే" అనేది. ఎట్లా పుట్టానో నాకు ఈనాటికీ తెలియదు. ఈమధ్య మంచం దిగుతుంటే నా నడుం కూడా పట్టేస్తోంది. అప్పుడు అట్లాగే కూర్చుని, కిందికి వేలాడుతున్న నా ఎడమకాలిని చూసి నవ్వుకుంటాను. ఎన్ని నడుములు లేపిందో పాపం, నా నడుం దాకా మాత్రం రాదు.