వేడి తగ్గని గడ్డికట్ట

మా చిన్నతమ్ముడు సామేలు పదకొండేళ్లు దుబాయిలో గుర్రాల కొట్టంలో పనిచేశాడు. కరోనా ఏడాది అక్కడి యజమాని గుర్రాలను అమ్మేస్తే, ఒక్క సంచితో కోరుట్లకు తిరిగొచ్చాడు. మా నాన్నకు మేకపిల్ల కూడా ఉండేది కాదు. వీడు నేర్చుకున్నదేమో గుర్రాల పని! అది ఇక్కడ ఎవరికి కావాలని నేనే నవ్వాను. కావలసివచ్చింది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని పంపే జలపతి వాణ్ని పనిలో పెట్టుకున్నాడు. తెల్లటి ఆడగుర్రం, పేరు రాణి. కొట్టం మా ఇంటి వెనకే.

"గీ గుర్రం ఉన్నన్ని రోజులు గీడనే ఉంట అక్కా. మళ్ల విమానం ఎక్క" అన్నాడు.

దీపావళి దాటాక జలపతి వెల్గటూరు నుంచి ట్రాక్టరు నిండా వరిగడ్డి కట్టలు తెప్పించాడు. మంచు ఆరకముందే మిషనుతో చుట్టేసినవి. సామేలు ఒక కట్టలో ఇనుప చువ్వ గుచ్చి, చాయ్ తాగివచ్చి, లాగి నా చేతిలో పెట్టాడు. బాగా వెచ్చగా ఉంది.

"లోపట ఉడుకుతున్నది. నెలన్నర దాక గుర్రానికి ముట్టియ్యద్దు. బూజు పడ్డది తింటే గుర్రానికి కక్కరాదు. కడుపునొప్పితోని సస్తది."

నేను ఒప్పుకోలేదు. "నీ దుబాయి కథలు నాకు చెప్పకు. నలభై ఏండ్లు బర్లకు కొత్త గడ్డే ఏసిన. ఒక్కటన్న సచ్చిందా?"

"బర్రె నెమరేస్తది. గుర్రం నెమరేస్తదా?"

"పోరా" అన్నాను. చువ్వ వాడి చేతిలో పెట్టి ఇంట్లోకి నడిచాను.

వాడు కట్టలను గాలి ఆడేలా ఎడమెడంగా పేర్చి, మిగిలిన పాత గడ్డినే వేస్తూ వచ్చాడు. అదీ అయిపోవస్తోంది. నా గడ్డివాములో నిరుటి గడ్డి ఉంది. అడిగాడు. "అది నా బర్రెది" అన్నాను.

ఒక ఆదివారం వాడు చర్చికి వెళ్లాడు. రాణి ఖాళీ తొట్టిని మూతితో కొడుతోంది. ఆకలిగొన్న నోరు చూస్తే నేను ఆగలేను. అయినా నా వాము ముట్టలేదు. కొత్త కట్ట తాడు కోసి నాలుగు గుప్పెళ్ల గడ్డి వేశాను. బూడిదలాంటి దుమ్ము రేగింది. దులిపి వేశాను, పెద్ద తెలివైనదాన్ని కదా!

వాడు వచ్చేసరికి రాణి నేలమీద పడి, చెమటలు కక్కుతూ మాటిమాటికీ కడుపు వైపు చూసుకుంటోంది. సామేలు తొట్టిలోకి చూశాడు. గడ్డి తీసి పారేసి, డాక్టరుకు ఫోను చేసి, గుర్రాన్ని లేపి మెల్లగా నడిపించసాగాడు.

ఇంతలో జలపతి పరుగెత్తుకొచ్చాడు. "ఏందిర సామేలూ, నీ గల్ఫు సదువు గిదేనా? దానికేమన్నయితే మళ్ల గీ దిక్కు రాకు!"

వాడు తల వంచుకుని నడుస్తూనే ఉన్నాడు. నా పేరు చెప్పలేదు. నన్ను చెప్పుతో కొట్టినట్టయింది. వాడు మళ్లీ విమానం ఎక్కితే అది నా నాలుగు గుప్పెళ్ల గడ్డి వల్లే.

"నేనేసిన జలపతీ. వాడు వద్దనే అన్నడు. తిట్టేదుంటే నన్ను తిట్టు."

"నువ్వా పెద్దవ్వా?" అని ఆగిపోయాడు. నన్ను తిట్టాలంటే జగిత్యాల దాకా ఎవరికీ ధైర్యం చాలదు.

డాక్టరు వచ్చి సూదులు వేశాడు, లద్దె వేస్తే గండం గడిచినట్టేనని, కొంచెంసేపు నడిపించమన్నాడు. సామేలు ముందు, రాణి వెనక, దాని వెనక పార పట్టుకుని నేను. పొద్దువాలకముందే వాడ మలుపులో రాణి తోక ఎత్తింది.

"లద్దె ఏసింది అక్కా!" సామేలు వాడంతా వినేలా అరిచాడు.

అరవై ఎనిమిదేళ్లలో లద్దె చూసి సంతోషించడం అదే మొదటిసారి.

రెండు రోజులకు రాణి మళ్లీ మేత మొదలుపెట్టింది. నా వాము గడ్డే. బర్రెకు రోజూ గట్ల వెంట పచ్చగడ్డి కోసుకొచ్చాను. నెలన్నర గడిచాక, చల్లబడి బూజు వాసన లేని కట్టలను ఏరి, సామేలు పాతదానిలో పిడికెడు చొప్పున కలపడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ కొత్త కట్టలు వస్తే చువ్వ గుచ్చేది వాడు. లాగాక పట్టుకుని చూసేది నేను.