వెనక్కి పిలిచేదాకా

మా ల్యాబులో సీనియర్ అక్కది రాప్తాడు. అనంతపురం బజారులో ధర కుదరకపోతే "పోతాండా అన్నా" అని నడక మొదలుపెట్టేది. అంగడాయన వెనక్కి పిలిచేదాకా తల తిప్పేది కాదు.

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, అందులో మనుషుల బదులు తామే బేరమాడుకునే ప్రోగ్రాములు చేయడం ఆమె పీహెచ్‌డీ. కొనే ప్రోగ్రాముకీ అమ్మే ప్రోగ్రాముకీ తన నడిచిపోయే విద్యే నేర్పింది. తీరా గైడుగారికి చూపించే రోజున రెండూ బేరం వదిలేసి చెరో దారిన వెళ్ళిపోయాయి. ఏళ్ళ శ్రమ పోయిందని నేను బిక్కచచ్చిపోతే, ఆమె పకపకా నవ్వింది.

"పిలిచేటోళ్ళు లేకుంటే పోయి ఏం ఫలమప్పా!"

అమ్మేదానికి వెనక్కి పిలవడం నేర్పింది. బేరం కుదిరింది.

పట్టా చేతికొచ్చి వెళ్ళిపోయే రోజు, ల్యాబు గడప దాటి మరీ నిదానంగా నడుస్తోంది.

"అక్కా, టీ తాగి పోదువు రా" అని కేకేశాను.

గిరుక్కున తిరిగింది.

"ఇంతసేపా అప్పా, పిలిచేకి!"