పెదనాన్న దాచుకున్న కత్తి

మా పెదనాన్న పోయాడు. కబురు తెచ్చింది పామర్రు వైపు నుంచి వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు డ్రైవరు. బెజవాడలో నేను పనిచేసే బట్టల కొట్టు ముందు బస్సు నిలిపి, దిగకుండానే, "మీ పెద్దాయన పొద్దున మగ్గం మీదే ఒరిగిపోయాడంటండీ, మిమ్మల్ని ఉన్నపళాన రమ్మన్నారు" అని కేకేసి వెళ్ళిపోయాడు.

"ఎవరోయ్, ఆ కత్తాయనేనా?" అన్నాడు మా షావుకారు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. ఆయనేనండీ అన్నాను. చచ్చిన మనిషినైనా పేరు పెట్టి అడగరు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు ఎప్పుడో మాసిపోయింది, కత్తి ఒక్కటే మిగిలింది. సరే, ఆ కత్తి సంగతే చెబుతాను. ధర్మాత్ముడు, పుణ్యమూర్తి అని రాస్తే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, రాయడానికి నాకూ చెయ్యి రాదు.

మాది నేతపని చేసుకు బతికే ఇల్లు. నాన్న మగ్గం నేసేవాడు. పెదనాన్న కూడా చిన్నప్పుడు నేసినవాడే గాని, పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుక్కూర్చునే బతుకు నాకొద్దని లేచి, నాన్న నేసిన చీరలు మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చేవాడు. పెద్దమ్మ కాపరానికి వచ్చిన కొత్తలోనే పోయింది. పిల్లల్లేరు. అందరిదీ ఒకే పొయ్యి, ఒకే కుండ. నన్ను బళ్ళో వేసిందీ, తరవాత బెజవాడ తీసుకొచ్చి ఈ కొట్లో పెట్టిందీ ఆయనే. "వీణ్ణి గుంటలోకి దింపావంటే నీకూ నాకూ చెల్లు" అని నాన్నతో పెద్ద రభస చేశాడు. ఇవాళ నీడపట్టున కూర్చుని నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన చలవే.

కత్తి బందరులో దొరికింది. ఎవరో దొర సీమకి వెళ్ళిపోతూ ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టాడట. చీరలమ్మడానికి వెళ్ళిన మనిషి కత్తితో తిరిగొచ్చాడు. జానెడు పొడుగు, దాని మీద బంగారు తీగతో లతలు, దంతపు పిడి, పిడి చివర చిలక తల, చిలక కంట్లో ఎర్రరాయి. నల్లతోలు ఒర, ఒర మూతికి బిగించిన వెండి పొన్ను కట్టు. చూసినవాళ్ళందరూ అబ్బా అన్నారు. మా అమ్మ మాత్రం చూసి, "ఎంత బాగుంటే ఏం, పనికి రావాలి గాని" అంది.

చీర పూర్తయినప్పుడల్లా దాన్ని మగ్గం మీంచి కోసి దించాలి. మా ఇంట్లో ఆ పనికి ఉన్నది మొండి చాకు ఒకటి. దాంతో కోస్తే అంచు పీచులు లేచేది. "బావగారూ, ఆ కత్తి ఒక్కసారి ఇప్పిస్తే చీర శుభ్రంగా దిగుతుంది కదండీ" అని అమ్మ తలుపు చాటునుంచి అడిగేది. ఆయన నవ్వేవాడు. "అది పనిమనిషి కాదమ్మాయ్, చుట్టం. చుట్టం చేత పని చేయిస్తామా ఎవరమైనా?" అనేవాడు. ఆ మాటకి నాన్న కూడా నవ్వేవాడు. అప్పటికింకా మా ఇంట్లో నవ్వులుండేవి.

ఆ చుట్టానికి ఏడాదికోసారి మర్యాద జరిగేది. దసరాకి మగ్గానికీ, నాడెకీ, రాట్నానికీ పసుపు రాసి బొట్టు పెట్టి పూజ చేస్తాం కదా, వాటి పక్కన పీట వేసి కత్తిని ఒరలోంచి తీసి పెట్టేవాడు. తడి పసుపు కత్తి నిండా పట్టించేవాడు, పైన కుంకం. మర్నాడు దాన్ని అలాగే ఒరలోకి తోసేవాడు. తుడిచెయ్యి అన్నయ్యా అని నాన్న అంటే, పూజ చేసిన పసుపు చేత్తో తుడిచేస్తే అపచారం కాదట్రా అని కోప్పడేవాడు. మిగతా మూడువందల అరవై రోజులూ అది పెట్లో. ఊరు దాటి పెద్ద బేరానికి వెళ్ళేటప్పుడు మాత్రం పట్టుగుడ్డలో చుట్టి నడుముకి కట్టుకునేవాడు. పదిమందిలో కూర్చున్నప్పుడు చిలక తల పైకి కనపడాలి, అంతే ఆయన సరదా.

యుద్ధం రోజులొచ్చాయి. నూలు దొరకడం గగనమైంది. ఉన్న కాసిని చీరలు బెజవాడలో అమ్ముదామని అన్నదమ్ములిద్దరూ కాలవ పడవెక్కారు. నాన్న ఎన్నడూ ఊరు కదిలే మనిషి కాదు, ఆసారి నన్ను చూడొచ్చని బయల్దేరాడు. ఒక లాకు దగ్గర పడవవాళ్ళు గట్టు మీదకి తాడు విసిరారు. గట్టు మీది మనిషి దాన్ని గుంజకి చుట్టాడు. నీటి వడికి పడవ ముందుకి తోసుకుపోయింది. పడవలో చుట్టలుగా పడున్న తాడు ఒక్కసారి బిగుసుకుంది. ఆ చుట్టలో నాన్న కాలుంది.

"అన్నయ్యా, తాడు కొయ్యి! కొయ్యి!" అని నాన్న అరిచాడు. పెదనాన్న పక్కనే ఉన్నాడు. నడుమున కత్తి ఉంది. గుడ్డ విప్పి లాగాడు. ఒరలోంచి రాలేదు. వెనక చుక్కాని దగ్గరున్న పడవవాడు మూటలమీంచి దూకొచ్చి కొడవలితో తాడు తెగ్గోసేసరికి ఆ కాలు పిండి పిండి అయిపోయింది. బెజవాడ ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు.

ఏటేటా తడి పసుపుతో ఒరలోకి తోస్తే కత్తి తుప్పుపట్టి ఒరని కరుచుకోదూ? నాకు తట్టిన సంగతి ఇది. అమ్మకి తట్టింది వేరు. ఆసుపత్రి వరండాలో, అంతమందిలో, తలమీద కొంగు సర్దుకుని, గొంతు పెంచకుండా అంది. "గట్టిగా లాగితే వచ్చేదేనండి. వెండి పొన్ను ఊడిపోతుందని మెల్లిగా లాగుంటారు బావగారు."

పెదనాన్న నోరు తెరిచి, "లాగానమ్మాయ్. రాలేదు" అన్నాడు. ఆ రెండు మాటలే, పోయేదాకా ఆయన అంటూ వచ్చినవి. చూసినవాళ్ళెవరూ లేరు. పడవవాళ్ళు తాడు చూశారు గాని ఆయన చేతులు చూడలేదు. నాన్నకి అసలు ఒంటిమీద తెలివే లేదు.

మగ్గం నెయ్యాలంటే గుంటలో రెండు తొక్కుళ్ళు తొక్కాలి. ఒంటికాలి మనిషి వల్ల కాదు. నాన్నని ఇంటికి తెచ్చిన వారానికి అమ్మ తలుపు చాటునుంచి, "మగ్గం పస్తుంటే మనమూ పస్తేనండి బావగారూ. దానికి కాళ్ళు కావాలి" అంది. ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించి గుంటలోకి దిగాడు. నన్ను దిగనివ్వని మనిషి తనే దిగాడు, మళ్ళీ పైకి రాలేదు. కొత్తలో పాదాలు బొబ్బలెక్కి చితికాయి. నాన్న పక్కన చాప మీద మొండికాలు చాపుకుని కూర్చుని చూస్తుండేవాడు. "ఆ కాలు కాదు, రెండోది. రెండు కాళ్ళుండి ఏం చేసుకున్నట్టు?" అనేవాడు. పెదనాన్న పొడుం ఒక పట్టు పట్టి, "తిట్టుకో. తిడితే పోగులు తెగవులే" అని మళ్ళీ పోగుల మధ్య నాడె విసిరేవాడు. ఆయన నేసిన చీరలు నాన్న నేత ముందు దిగదుడుపే. కానీ మా ఇంటి పొయ్యి వెలిగింది వాటితోనే, ఆ మాట ఇంట్లో ఒక్కరూ అనలేదు.

దసరాలకి నేను ఊరెళ్ళేవాణ్ణి. వెళ్ళకపోయినా బాగుండేది. అమ్మే పెట్లోంచి కత్తి తీసి, పీట మీద పట్టుగుడ్డ పరిచి పెట్టేది. ఒర మూతి చుట్టూ తడి పసుపు మెత్తేది. "రండి బావగారూ, చుట్టమొచ్చింది. బొట్టు పెట్టండి" అని పిలిచేది. ఆయన గుంటలోంచి లేచొచ్చి, వేలికి కుంకం అద్దుకుని, చిలక నెత్తిన బొట్టు పెట్టేవాడు. అమ్మ ఆ వేలినే చూస్తుండేది. ఏమనుకున్నా అనుకోండి, మా అమ్మ అంత పగ పట్టగలదని నాకు అంతవరకు తెలీదు.

ఒక దసరాకి ఆయన, "అమ్మాయ్, నువ్వే ఒక్కసారి లాగి చూడు. వస్తే నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టు" అన్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మో, అంత అపురూపమైన వస్తువు మాలాంటివాళ్ళం ముట్టుకోవచ్చా బావగారూ? చుట్టాన్ని అలా లాగుతారటండీ?" అంది. ఆయన నాన్న వైపు తిరిగాడు. "వచ్చినా రాకపోయినా నాకు కాలు మొలుస్తుందా?" అని నాన్న మొహం తిప్పుకున్నాడు. మీరే లాగి చూపించొచ్చుగా అని నేనడిగాను. "నేను లాగితే ఎవరు నమ్ముతార్రా? మెల్లిగా లాగాడంటారు" అన్నాడు. నిజమే, అంటారు. ఆయనకి మా నుంచి కావలసింది కూడు కాదు, గుడ్డ కాదు. నిజమే చెప్పావు అని ఒక్క మాట. ఆ మాట కోసమే అంత చాకిరీ చేశాడు. మేం ఇవ్వలేదు.

కబురంది నేను ఊరు చేరేసరికి పెదనాన్నని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించారు. పాడె మీదకి చేర్చేముందు మొలతాడు తెంపాలి కదా, మంగలి తన పొదిలో కత్తి వెతుక్కుంటున్నాడు. అమ్మ లోపల్నుంచి పట్టుగుడ్డ పట్టుకుని వచ్చింది. "దీంతో కొయ్యండి. బతికుండగా పనికి రాలేదు, చుట్టం ఇప్పుడైనా సాగనంపుతుంది" అంది. ముసలివాళ్ళెవరో ఛీ అన్నారు.

పక్కింటి బాబాయి కత్తి అందుకుని లాగాడు. రాలేదు. పంచె ఎగ్గట్టుకుని మళ్ళీ లాగాడు. నేను ఒర పట్టుకున్నాను, ఆయన పిడి పట్టుకున్నాడు. ఇద్దరం కాళ్ళు తన్నిపెట్టి లాగాం. వెండి పొన్ను నా చేతిలోకి ఊడొచ్చింది గాని కత్తి కదల్లేదు. బాబాయి దాన్ని అరుగు మీద పడేసి, చేతులు దులుపుకుని, "పాపం, పెద్దాయన నిజమే చెప్పాడర్రా" అన్నాడు. మంగలి తన కత్తితో మొలతాడు తెంపేశాడు.

అమ్మ మొహం పాలిపోయింది. దిక్కు తోచక నాన్నకేసి చూసింది. ఏనాడూ పెళ్ళాన్ని పల్లెత్తు మాటనని నాన్న, మంచం మీంచే అన్నాడు. "ఆనాడు వచ్చేదేమో. ఈ అయిదేళ్ళూ ఒర మూతికి తడి పసుపు మెత్తింది నువ్వేగా. ఇంకెవడు తేలుస్తాడే?"

నిప్పుకుండ నా చేతికిచ్చారు. కొడుకులేని మనిషికి కొడుకుని నేనే. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూడొద్దన్నారు. చూశాను. ఆడవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని, ఒరని రెండు పాదాల మధ్య బిగించి, పిడిని రెండు చేతులా పట్టుకుని లాగుతోంది.