చావింటి నుంచి పురిటింటికి

నన్ను మొదటిసారి ‘లీడర్’ అన్నవాడు టై కట్టుకున్న ఒక కుర్రాడు. హనుమకొండలో ఒక హోటల్ పై అంతస్తులో, ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా తెర, తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: ఇంటి వైద్యసేవల లీడర్లు మార్పుకు సిద్ధమవడం ఎలా. నాలాంటి లీడర్లు ఆ గది నిండా ఉన్నారు. అందరం ఒకప్పుడు ఏదో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సులుగానో వార్డుబాయ్‌లుగానో చేసి, విసిగి బయటికొచ్చి, రెండు గదులు కిరాయికి తీసుకుని బ్యూరో పెట్టుకున్నవాళ్ళమే. మంచాన పడ్డవాళ్ళకు, బాలింతలకు, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్ళకు మనుషుల్ని పంపడం మా పని. ఎవరింట్లో ఎవరికి ఏ వేళకు బట్టలు మార్చాలో చూసుకునేవాళ్ళను లీడర్లంటారని ఆ రోజే తెలిసింది.

కుర్రాడు హైదరాబాదు కంపెనీవాడు. ఫోన్లో నొక్కితే ఇంటికి మనిషి వచ్చే యాప్ వాళ్ళది. అప్పటికే ఊళ్ళో కొన్ని దవాఖానలు పేషెంటును ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఆ కంపెనీ కార్డు పెడుతున్నాయి. మా ఫోన్లు మోగడం తగ్గిపోయింది. మీ మనుషుల్ని మా యాప్‌లో చేర్చండి, పని మేం చూపిస్తాం, మీరు మాకు పార్ట్‌నర్లు అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మా అమ్మ అంటుండేది. ఆ మాట ఆ రోజంతా నా నాలుక చివరే ఉంది.

కళ్ళు మూసుకుని, ఐదేళ్ళ తర్వాత మీ సంస్థ ఎలా ఉంటుందో ఊహించుకోండి అన్నాడు. బుద్ధిమంతులంతా మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కళ్ళు మూసుకున్న మనుషుల మధ్య తిరుగుతూ వాడు తన ఫోన్ చూసుకుంటున్నాడు.

చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాడు. లేచాను.

"పేషెంటు పోతే, ఆ ఇంట్లో చేసిన మనిషిని మళ్ళీ ఎక్కడికి, ఎప్పుడు పంపుతారు?"

"డ్యూటీ క్లోజ్ కాగానే దగ్గర్లో ఉన్న నెక్స్ట్ కస్టమర్ దగ్గరికి వెళ్ళిపోతారు మేడం. ఒక్క రోజు కూడా ఖాళీ ఉండరు." వాడి ముఖం వెలిగిపోయింది.

"బాలింత ఇంటికైనా?"

వాడికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన ఇంట్లో చేసినామెను వెంటనే ఇంకో ఇంటికి పంపం. కొన్నాళ్ళు బ్యూరోలోనే కూర్చోబెట్టి, కూలి తెగకుండా ఫోన్లెత్తే పని చెబుతాను. ఆ తర్వాత ముసలివాళ్ళ ఇళ్ళకు పోతుంది. చంటిపిల్ల ఉన్న ఇంటికి మాత్రం నెల దాటితే గానీ పంపను. ఎవరైనా అడిగితే ఊరికి పోయిందంటాను. అది అబద్ధమని అడిగినవాళ్ళకూ తెలుసు, వాళ్ళకు కావలసిందీ అదే.

నాకు మైల మీద నమ్మకం లేదు. పుట్టుకనూ చావునూ ఒకే వరండాలో, పక్కపక్క గదుల్లో చూసినదాన్ని. కానీ నమ్మేవాళ్ళ ఇళ్ళలోనే మా ఆడవాళ్ళు బతకాలి. ఈ పనిలో ఒక మనిషికి ఉండే ఆస్తి ఒక్కటే, ఆమె చెయ్యి మంచిది అన్న మాట. ఆ మాట పోయిందంటే ఏ ఇల్లూ గేటు తీయదు.

కుర్రాడు చాలా ఓపిగ్గా విన్నాడు. విని, బోర్డు దగ్గరికి పోయి, ‘మార్పుకు అడ్డంకులు’ అన్న మాట కింద ‘మూఢనమ్మకాలు’ అని రాశాడు. హాలంతా నవ్వింది. నవ్విన ప్రతి ఒక్కరూ తమ బ్యూరోలో అదే పద్ధతి నడుపుతున్నవాళ్ళే. బయటికొచ్చాక లిఫ్టు దగ్గర ఒకాయన నా చెవిలో గుసగుసలాడాడు.

"అందరి ముంగట గట్ల అడగొద్దక్కా. మనల్ని ఏం తెల్వనోళ్ళనుకుంటరు."

"మరి నువ్వు మీ ఆడోళ్ళను సావింట్ల నుంచి పురిటింటికి అంపుతానవా?" అన్నాను.

లిఫ్టు వచ్చింది. ఆయన ఎక్కి పోయాడు. నేను మెట్ల మీంచి దిగాను, ఆ మనిషి పక్కన నిలబడబుద్ధి కాలేదు.

అయినా చేరాను. చేరక ఏం చేస్తాను, పని లేకపోతే నా దగ్గరి ఆడవాళ్ళు గాలి తిని బతుకుతారా? కొన్నాళ్ళు చూద్దామని కొందరి పేర్లు యాప్‌లోకి ఎక్కించాను. వాళ్ళలో అందరికంటే మంచి చెయ్యి ఉన్నది స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకామె. నేను చెల్లె అంటాను, ఆమె అక్కా అంటుంది. బక్కపలుచని మనిషి, మాట తక్కువ. అప్పుడు ధర్మసాగర్‌లో పక్షవాతంతో పడిపోయిన ఒక ముసలాయన దగ్గర చేస్తుండేది. ఆయన్ని బాపు అని పిలిచేది. పేషెంటును సార్ అనాలని కంపెనీ ట్రైనింగులో చెప్పారట. ఒక పొద్దున సార్ అని పిలిస్తే, మాట ముద్దగా వచ్చే ఆ ముసలాయన, "నేనేం తప్పు జేసిన బిడ్డా" అన్నాడట. ఆ పూటే మళ్ళీ బాపు అయిపోయాడు.

ఆయన పోయాడు. ఆ ఇంటి కోడళ్ళు చెల్లెను ఆగమన్నారు. ఇన్నాళ్ళూ కడిగిన చేతులు కదా, ఆఖరి స్నానానికి కూడా సాయముండమన్నారు. ఆమె ఆగింది. ఫోన్లో ‘సేవ ముగిసింది’ అని నొక్కిందో లేదో, ముసలాయన ఒంటి మీద ఇంకా నీళ్ళు పోస్తుండగానే ఆ ఫోను మోగడం మొదలుపెట్టింది. కాజీపేటలో బాలింత, తెల్లారి డ్యూటీ. వెంటనే నాకు చేసింది. వెనక నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి.

"అక్కా, పురిటింటికి పొమ్మంటాంది ఫోను. ఏం జెయ్యాలె?"

"పోకు. నేను మాట్లాడుత."

కంపెనీ నంబరుకు చేస్తే, తెలుగు సగం వచ్చిన ఒకమ్మాయి అంతా విని, మీ ఫిర్యాదు మాకు ఎంతో విలువైనది అని చెప్పింది. టై కుర్రాడికి చేశాను. ఆ డ్యూటీ ఆపే ఆప్షన్ యాప్‌లో లేదన్నాడు. పోకపోతే ఆమె ఐడీ బ్లాక్ అవుతుందన్నాడు. "స్నానం చేసి యూనిఫాం మార్చుకుంటే చాలు కదా మేడం, హైజీన్ విషయంలో మేం చాలా స్ట్రిక్ట్" అని కూడా అన్నాడు.

"సబ్బుతో పోయేదైతే నీకెందుకు చెబుతానురా" అన్నాను. రా అనే అన్నాను, దాచుకోవడానికేముంది. ఫోన్ పెట్టేశాడు.

ఐడీ పోతుందన్న భయంతో ఆమె నాకు చెప్పకుండానే కాజీపేట పోయింది. ఇంటి దగ్గర తలకు పోసుకుని, పసుపునీళ్ళు చల్లుకుని మరీ పోయింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. తెలిసేది కాదు కూడా. కానీ ఆ కంపెనీకి పారదర్శకత అని ఒక పిచ్చి ఉంది. వచ్చే మనిషి ఫొటో కింద, అంతకుముందు ఆమె చేసిన సేవ ఏమిటో, ఎప్పుడు ముగిసిందో కస్టమర్ ఫోన్లో చూపిస్తుంది. దానివల్ల నమ్మకం పెరుగుతుందని హోటల్లో కుర్రాడు గంటసేపు ఊదరగొట్టాడు. కాజీపేటలో బాలింత తల్లి కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫోన్ చదివింది. ‘అంత్యదశ సేవ, ధర్మసాగర్, నిన్న పూర్తయింది.’

అప్పటికి చెల్లె పీట మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, చంటిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. ఆ ఇల్లాలు పిల్లను లాక్కుంది. "పీనుగును కడిగిన చేతులతోని నా మనుమరాలిని పట్టుకుంటవా" అని గేటు దాకా తరిమింది. వాడకట్టంతా బయటికొచ్చి చూసింది. ఆమె కూర్చున్న చోటు, నడిచిన చోటు నీళ్ళు పోసి కడిగారు. తర్వాత ఆ పిల్లకు జలుబు చేసింది. చంటిపిల్లలకు జలుబు చేస్తుంది, చేయని పిల్లను నేనింతవరకు చూడలేదు. కానీ మాట కాజీపేట దాటి హనుమకొండకు వచ్చేసింది. ఆ ఘన్‌పూర్ ఆమె చెయ్యి మంచిది కాదట.

అప్పటిదాకా ఆమెనే పంపమని పట్టుబట్టిన ఇళ్ళవాళ్ళు నాకు ఫోన్ చేసి, ఎవరినైనా పంపు గానీ ఆమెను మాత్రం పంపకు అన్నారు. కంపెనీ ఏమో యాప్‌లో ఆమె పేరు పక్కన రేటింగు చుక్కలు తగ్గించి, ఇక్కడ ఎవరూ ఒప్పుకోవడం లేదు, దూరాన మరిపెడలో ఒక ముసలామె ఉంది, పోతావా అని అడిగింది.

నేను కాజీపేట ఇంటికి పోయాను. మాట్లాడడానికి కాదు, కొట్లాడడానికే పోయాను. ఆ ఇల్లాలు నన్ను గుమ్మం లోపలికి కూడా పిలవలేదు.

"నువ్వేనా ఆమెను అంపింది?"

"మీ ఫోన్ల మీరు నొక్కుకుంటె అచ్చింది. కూరగాయలు తెప్పిచ్చుకున్నట్టు మనిషిని తెప్పిచ్చుకున్నరు. పాపకు జలుబు తగ్గిందా?"

"తగ్గింది."

"తగ్గిన ముచ్చట గూడ వాడకట్టుకు చెప్పుండ్రి మరి. జలుబు చేసిందని అయితె మంచిగనే చెప్పిన్రు."

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నీతులు నాకెందుకు చెప్తవమ్మా. నీ ఇంట్లైతె పట్టనిత్తువా?"

"పట్టనిత్త. నా బిడ్డ రేపో మాపో కనబోతాంది. ఆమె చేతుల మీదనే తానం పోపిత్త. అచ్చి చూసుకో."

అన్నది కోపంలోనే అయినా, ఆటోలో తిరిగొస్తుంటే అంతకంటే మంచి మందు లేదనిపించింది. బ్యూరో నడిపే మనిషే తన సొంత కూతురు కన్న పిల్లను ఆ చేతుల్లో పెట్టిందంటే ఇక ఎవరు నోరెత్తుతారు? ఎక్కడ పోయిన పేరు అక్కడే తిరిగి రావాలి. చెల్లెకు ఫోన్ చేసి, మరిపెడకు ఇప్పుడే ఒప్పుకోకు, నీ పేరు నేను నిలబెడతాను, ఆ దొంగ కంపెనీని వదిలి నా దగ్గరే ఉందువు అని చెప్పాను. సరే అక్కా అంది.

నా బిడ్డకు కొడుకు పుట్టాడు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, మొదటి స్నానానికి చుట్టుపక్కలవాళ్ళను కావాలనే పిలిచాను. కాజీపేటలో ఆ ఇల్లాలికి తెలిసినవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని మరీ పిలిచాను. మా వియ్యపురాలు ముఖం ముడుచుకుని కూర్చుంది. "ఇంతమంది ఉండంగ ఆమెనే దొరికిందా వదినా?" అంది. ముసలాయన పోయి నెల దాటింది, ఏ లెక్కన చూసినా మైల లేదు, ఉన్నా నాకు దాని మీద నమ్మకం లేదు అన్నాను. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు అన్నాను.

చెల్లె రైలు దిగి నేరుగా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. పీట వేసుకుని కూర్చుని కాళ్ళు చాపింది. పక్కన వేడినీళ్ళు, నూనె, శనగపిండి, నిప్పుల మీద సాంబ్రాణి. అందరూ చూస్తున్నారు. కూతురి ఒళ్ళోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆమె కాళ్ళ మీద పెట్టడానికి వంగాను.

వంగి ఆగాను. నా కళ్ళు ఆమె తల మీదికి పోయాయి. తలకు పోసుకుని వచ్చిందా, లేదా? పాపిట దగ్గర తడి ఉందా? పిల్లవాడు నా చేతుల్లోనే ఉన్నాడు. రెప్పపాటు అంటారే, అంతే. కానీ చూశాను, వెతికి మరీ చూశాను.

ఆమెకు తెలిసిపోయింది. ఎన్ని ఇళ్ళలో ఎన్ని కళ్ళు ఆమెను అట్లా చూసి ఉంటాయో! వీపు మీదున్న జడను తీసి, నాకు బాగా కనబడేటట్టు భుజం మీంచి ముందుకు వేసుకుంది. జడ చివర ఇంకా నీటిచుక్క ఉంది.

"పోసుకునే అచ్చిన అక్కా" అంది.

పిల్లవాణ్ణి ఆమె కాళ్ళ మీద పెట్టాను. నా ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఆమె నూనె రాసింది, కాళ్ళూ చేతులూ సాగదీసింది, ముక్కు ఒత్తింది, గోరువెచ్చని నీళ్ళు పోసింది. ఒక్కసారి ఏడ్చి వాడు నిద్రలోకి జారుకున్నాడు. చూడవచ్చిన వాళ్ళలో ఒకామె తన కోడలికి నెలలు నిండాయని, ఈమె ఖాళీగా ఉంటుందా అని అప్పుడే అడిగింది. అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. పేరు తిరిగి వచ్చింది.

సాగనంపడానికి గేటు దాకా పోయాను. అక్కడ ఆమె సంచీలోంచి కంపెనీ కోటు తీసి తొడుక్కుంది.

"మరిపెడకు ఒప్పుకున్న అక్కా. రేపటి నుంచి పోతాన."

"నీ పేరు ఆగం జేసినోళ్ళ దగ్గరికా? ఇంత జేసినంక గూడ?"

"ఆగం జేసిన్రు, కాదన" అంది. కోటు గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అంది. "సావింటికి పొమ్మన్నా, పురిటింటికి పొమ్మన్నా ఫోను ఒక్క తీరుగనే చెప్తది అక్కా. నా తల దిక్కు సూడదు."

రైలుకు వేళయిందని ఆటో ఎక్కి పోయింది. నేను లోపలికి వచ్చేసరికి మా వియ్యపురాలు పిడికిట్లో ఉప్పు పట్టుకుని, నిద్రపోతున్న పిల్లవాడి చుట్టూ తిప్పుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

కానివ్వమన్నాను.