వేరుకుళ్లు బూజుకు పంక్తిభోజనం

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిదేదీ లేదని నా నమ్మకం. (రుజువు అడగకుండా నేను నమ్మిన సంగతి అదొక్కటే.) ఆదివారం హిందూపురం సభల్లో మూఢనమ్మకాలను ఉతికి ఆరేసి, సోమవారం బస్సెక్కి పెనుకొండలో దిగి, వేరుశెనగ తెగుళ్లు పరిశీలించే రెండు గదుల ఆఫీసులో కూర్చునేవాణ్ని. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. అది నిలవాలంటే నేనొక సంగతి తేల్చాలి: వేరును కుళ్లబెట్టే బూజు ఏం తిని బతుకుతుంది? దాని తిండి తెలిస్తే చేలో దాన్ని పస్తు పెట్టే దారి దొరుకుతుందని పైవాళ్ల ఆశ.

ఆరు సీసాల్లో లవణాలు కలిపిన నీళ్లు పోశాను. ఐదింటిలో పండ్ల చక్కెర, పాల చక్కెర, ఇలా తలా ఒక రకం వేశాను. ఆరోదానికి తీపి లేదు. తీపి లేకుండా బూజు బతుకుతుందేమో చూడాలని. వాటికి దూది బిరడాలు పెట్టి, వేరే క్రిములు చచ్చేలా ఆవిరికి ఎక్కించడం, ఆఫీసులో నీళ్లు మోసి పొయ్యి రాజేసే అవ్వ పని. ఇదంతా ఎందుకో ఆమెకు చెప్పలేదు. ఆమెకెందుకులే అనుకున్నాను. చల్లారాక ఒక్కోదానిలో చిటికెడు బూజు వేశాను.

వారం తిరిగేసరికి మిగతా ఐదింటికన్నా ఆరో సీసాలోనే బూజు పరుపులా దట్టంగా అల్లుకుంది. అందులో నీళ్లు కాస్త ఎర్రగా ఉండటం మొదటే చూశాను. (ఆవిరికి మాడి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఇంకొకరెవరైనా ఇలా సర్దిచెప్పుకుని ఉంటే సభలో చీల్చి చెండాడేవాణ్ని.) ఈ బూజుకు చక్కెర అక్కరలేదని రిపోర్టు రాసి పారేశాను.

ధర్మవరం నుంచి పెద్దసారు వచ్చారు. కాగితం చదివి, ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఏమబ్బా, గాలి తిని ఇంత లావయిందా ఇది? ఇంకోసారి చేసి చూసినావా?"

"లేదు సార్."

"చూడకుండా రాసేవానికి ఈ పని ఎందుకప్పా? నెలాఖరుకు ఇంటికి పో."

గుమ్మంలో బిందె దించిన చప్పుడయింది. అవ్వ లోపలికొచ్చింది.

"ఆ పిల్లోన్ని ఏమీ అనొద్దు సామీ. పొయ్యి మీద పెట్టకముందు దాంట్లో బెల్లం వేసింది నేనే."

"ఎందుకేసినావు?"

"అన్నిటికీ తీపి పెట్టి ఒగదానికి వట్టి నీళ్లా? పంక్తిలో కూసోబెట్టినాక అట్ల చేస్తే పాపం కదా సామీ! పిల్లోడు మర్సినాడనుకుంటి."

పంక్తిభేదం పనికిరాదని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! బూజు దాకా దాన్ని పాటించింది మాత్రం అవ్వే. ఆ మాటతో తన కూలి పోవచ్చని ఆమెకు తెలుసు. అయినా నిజం చెప్పింది.

సారు పగలబడి నవ్వారు. బెల్లంలో తీపితోపాటు మన సీసాల నీళ్లలో లేని లవణాలు కూడా ఉంటాయి, అందుకే అంత బలిసిందన్నారు. "ఇద్దరూ ఉండండి. మళ్లా చేయండి. ఈ తూరి ఏం చేస్తాండావో, ఎందుకు చేస్తాండావో అవ్వకు చెప్పి చెయ్యి."

ఆ సాయంత్రమే పొయ్యి పక్కన కూర్చుని అంతా వివరించాను. అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది.

"పస్తు పెట్టి సూసేదానికా? ఆ మాట మొదట్లోనే చెప్పింటే నేను బెల్లం యాడ వేస్తాంటినప్పా?"

ఆమె నిలబెట్టిన ఉద్యోగం మీదే ముప్పై ఏళ్లు అన్నం తిన్నాను. ఆ ముప్పై ఏళ్లూ ఏ సీసా పొయ్యెక్కించినా, ఎందుకో పొయ్యి రాజేసేవాళ్లకు ముందు చెప్పాకే ఎక్కించాను.